పోరంకి ఫ్లాటు, ఇరవై వేల అద్దె: కొనే ముందు ఏ మాటను ఎలా పరీక్షించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారు, అమ్మానాన్నలు గుంటూరు విద్యానగర్‌లో ఉంటున్నారు, చేతిలో 30 లక్షలున్నాయి. మరో 40 లక్షలు బ్యాంకులో అప్పు తీసుకుని విజయవాడ పోరంకిలో 62 లక్షలకు 1,150 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కొని అద్దెకివ్వాలనుకుంటున్నారు. అద్దె 20 వేలకు తగ్గదని, ఏటా పది శాతం పెరుగుతుందని, ఆ ఏరియాలో ఫ్లాటు ఒక్క నెల కూడా ఖాళీగా ఉండదని, అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి కనుక పదేళ్లలో ధర రెట్టింపవుతుందని బ్రోకరు చెప్పారు. నాన్నగారేమో అదే డబ్బుతో గుంటూరులో రెండు పోర్షన్ల ఇల్లు చూడమంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. నేను 1999 నుంచి గుంటూరులోనూ విజయవాడలోనూ ఇళ్లు కొని అద్దెలకిస్తున్నాను. నాకు నష్టం వచ్చిన చోట్ల దస్తావేజుల్లో లోపం లేదు, అద్దెకున్నవాళ్లు చెడ్డవాళ్లూ కాదు. నేను లెక్క అనుకున్నది నిజానికి నమ్మకమని గుర్తించకపోవడమే కారణం. బ్రోకరు మీకు చెప్పినవి కూడా నాలుగు నమ్మకాలే. ఒక్కొక్కదాన్నీ, తప్పని తేలడానికి వీలున్న వాక్యంగా కాగితం మీద రాయండి. “అద్దె బాగా వస్తుంది” అన్న మాటను ఎవరూ పరీక్షించలేరు. “ఇదే అపార్ట్‌మెంటులో, ఇదే సైజు ఫ్లాటుకు, ఈ నెలలో చేరిన కుటుంబం మెయింటెనెన్స్ కాకుండా 20 వేలు ఇస్తోంది” అన్న మాటను ఒక్క పూటలో తేల్చవచ్చు. దాని పక్కనే, ఎంతకు తగ్గితే కొనడం మానుకుంటారో ఆ అంకె కూడా ముందే రాసి, తేదీ వేసి, మీ ఇంట్లోవారికి చూపించండి. పోరంకి వెళ్లి వచ్చాక రాసే అంకె మీద నాకు నమ్మకం లేదు, ఎందుకంటే కొత్త ఫ్లాటు గచ్చు మీద నిలబడి బాల్కనీలోంచి చల్లగాలి పీల్చుకున్నాక 20 వేలు 17 వేలైనా ఫరవాలేదనిపిస్తుంది.

ముందుగా అద్దె సంగతి. బ్రోకరు చెప్పేది ఇంటివాళ్లు అడిగే అద్దె, మీకు కావలసింది కుదిరే అద్దె. ఈ రెంటి మధ్య తేడా కొత్త ఏరియాలలో ఎక్కువగా ఉంటుంది. ఒక ఆదివారం ఉదయం బందరు రోడ్డు నుంచి మీ అపార్ట్‌మెంటు దాకా, అక్కడి నుంచి నిడమానూరు వైపు వెళ్లే రోడ్డు మీద కొంత దూరం నడిచి, టు-లెట్ బోర్డులన్నీ ఫోనులో ఫోటో తీసుకోండి. మూడు వారాల తరువాత అదే దారిన మళ్లీ నడవండి. మొదటిసారి కనిపించిన బోర్డులలో ఎన్ని అక్కడే వేలాడుతున్నాయో, ఎన్ని కొత్తగా వచ్చాయో చూస్తే ఆ వీధిలో ఇల్లు ఎన్నాళ్లకు కుదురుతుందో మీకే తెలుస్తుంది. ఆ బోర్డుల నంబర్లకు ఫోను చేసి అద్దె ఎంతని అడగడం మామూలే, కానీ అక్కడితో ఆగితే మళ్లీ అడిగే అద్దె దగ్గరే ఆగినట్టు. “నలుగురం, వెజిటేరియన్లం, మూడేళ్లుంటాం, ఎంతకిస్తారు?” అని బేరమాడించాలి. అద్దెకు వచ్చినవాడిలా నటించడం మీకు ఇష్టం లేకపోతే, నిజంగానే ఇల్లు వెతుక్కుంటున్న స్నేహితుడిని వెంటబెట్టుకుని వెళ్లండి. కిందటి ఏడాది మా బంధువు ఒకరు పోరంకికి దగ్గరలోని కానూరులో ఇలాగే ఎనిమిది ఇళ్లు అడిగారు. ఎనిమిదింటిలోనూ మొదట చెప్పిన అద్దె 18 వేలకు అటూ ఇటూగా ఉంది, ఆయన చివరికి చేరింది మాత్రం 15,500 అద్దెకు.

ఇంకొక పని రాత్రి ఎనిమిది దాటాక చేయాలి. అపార్ట్‌మెంటు ఎదుట నిలబడి, ఎన్ని కిటికీలలో లైట్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. తరువాత సెల్లార్‌లోకి వెళ్లి కరెంటు మీటర్ల బోర్డు చూడండి. వాచ్‌మన్ ఒప్పుకుంటే ఆ రీడింగులు ఫోటో తీసుకుని వారం తరువాత మళ్లీ చూడండి. కదలని మీటరుకు మనుషులు లేరు. ఏడాది క్రితం పూర్తయిన పాతిక ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో తొమ్మిది మీటర్లు కదలకుండా ఉండడం నేను కళ్లారా చూశాను. ఆ తొమ్మిదింటినీ మీలాంటివారే పెట్టుబడి కోసం కొన్నారు. మీ టు-లెట్ బోర్డు పడిన రోజున మీతో పోటీపడేది పక్క వీధివాళ్లు కారు, ఆ తొమ్మిదిమందే. పొద్దున్నే పాలపాకెట్లు వేసే కుర్రాడికీ, గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్నాయనకూ ఏ ఫ్లాటు ఎప్పటి నుంచి ఖాళీగా ఉందో బ్రోకరు కంటే బాగా తెలుసు. వాళ్లకు మీకు అబద్ధం చెప్పవలసిన అవసరమూ లేదు.

ఖాళీ సంగతి వచ్చింది కనుక మన ప్రాంతపు లెక్క ఒకటి చెప్పాలి. ఇక్కడ ఇల్లు మారేవాళ్లు పంచాంగం చూస్తారు. ఆషాఢంలో పాలు పొంగించరు, భాద్రపదం, పుష్యం కూడా చాలామంది వదిలేస్తారు, మధ్యలో మూఢం వస్తే అదీ కలుస్తుంది. అటువైపు పిల్లల బడులు జూన్‌లో తెరుస్తారు గనుక కుటుంబాలు మే నెలలోనే స్థిరపడిపోతాయి. కాబట్టి జ్యేష్ఠం చివర ఖాళీ అయిన ఫ్లాటు శ్రావణం దాకా అలాగే ఉండిపోవడం మామూలు. మీ బిల్డరు ఫ్లాటు ఏ నెలలో అప్పగిస్తాడో అడిగి, ఆ నెలను పంచాంగం పక్కన పెట్టి చూసుకోండి. ఒక నెల అద్దె పోవడం ఏడాది అద్దెలో ఎనిమిది శాతానికి పైగా పోవడమే, పైగా ఖాళీ నెలకు మెయింటెనెన్స్ మీ జేబులోంచే కట్టాలి. దక్షిణం ఫేసింగ్ ఫ్లాటయితే ఇంకా కొంతమంది గుమ్మం దాకా వచ్చి వెనుదిరుగుతారు. మీకు వాస్తు మీద నమ్మకం లేకపోయినా, అద్దెకు వచ్చేవారికి ఉందా లేదా అన్నదే ఇక్కడ లెక్కలోకి వస్తుంది. మీరే “బ్యాచిలర్లకు ఇవ్వం, నాన్‌వెజ్ వండకూడదు” అని షరతులు పెట్టదలిస్తే, ఒక్కో షరతుకు అరనెల చొప్పున ఖాళీ కలుపుకోండి. ఇది లెక్కకట్టి తేల్చిన అంకె కాదు, నా అనుభవంలోంచి చెబుతున్న మాట.

ఏటా పది శాతం పెరుగుదల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అగ్రిమెంటులో ఆ వాక్యం ఉంటుంది, నిజమే. గుంటూరు పట్టాభిపురంలో నా పోర్షన్ అద్దె 2012లో 5,500, 2022లో 9,000. అంటే సగటున ఏటా ఐదు శాతం. పది శాతం చొప్పున పెరిగి ఉంటే 14 వేలు దాటాలి. సమయానికి అద్దె ఇచ్చే కుటుంబాన్ని పది శాతం కోసం పోగొట్టుకుని, రెండు నెలలు ఖాళీ పెట్టుకుని, రంగులు వేయించి, బ్రోకరుకు మళ్లీ డబ్బిచ్చే ఇంటి యజమానిని నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు మొత్తం లెక్క వేద్దాం. 62 లక్షలకు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో సుమారు ఏడున్నర శాతం, అంటే 4.65 లక్షలు. ఇంటి రుణం లెక్కకట్టేటప్పుడు బ్యాంకు ఈ ఖర్చును ఫ్లాటు విలువలో కలపదు, ఇది మీ సొంత డబ్బు. కబోర్డులు, ఫ్యాన్లు, గీజర్లు, దోమల మెష్‌కు రెండున్నర లక్షలు, కార్పస్ ఫండుకు (అపార్ట్‌మెంటు పెద్ద మరమ్మతుల కోసం అందరూ కట్టే ఉమ్మడి నిధికి) 50 వేలు వేసుకుంటే 69.65 లక్షలవుతుంది. మీ 30, బ్యాంకు 40 కలిపితే 70. మొదటి రోజే చేతిలో 35 వేలే మిగులుతాయన్నమాట. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, కాపురం ఉండవచ్చని స్థానిక సంస్థ ఇచ్చే కాగితం) రాకముందే డబ్బు కడితే ఐదు శాతం జీఎస్టీ, అంటే మరో 3.10 లక్షలు పడుతుంది. సర్టిఫికెట్ వచ్చాక మొత్తం కడితే జీఎస్టీ ఉండదు. ఆ కాగితం వచ్చిందా, వస్తుందన్నారా అన్నది మీ ప్రశ్నలో లేదు. అడిగి తెలుసుకోండి.

బేరమాడాక కుదిరే అద్దె 16,500 అనుకుని, ఏడాదికి పదకొండు నెలలే లెక్క వేస్తే 1,81,500. ఇంటిపన్ను, ఖాళీ నెల మెయింటెనెన్స్, బ్రోకరు కమీషను, మూడేళ్లకోసారి రంగులు, కుళాయిలు, మోటారు వంటి చిల్లర పనులు అన్నీ సర్దితే ఏడాదికి 31 వేలకు తగ్గవు. మిగిలేది లక్షన్నర. 69.65 లక్షల మీద అది రెండు శాతం పైచిలుకు. బ్రోకరు 20 వేలను పన్నెండుతో హెచ్చవేసి, 62 లక్షలతో భాగించి దాదాపు నాలుగు శాతమని చూపించారు. అదే ఫ్లాటు, అదే వీధి, కానీ రాబడి సగం.

40 లక్షల రుణానికి ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అనుకుంటే నెలకు ఈఎంఐ 34,700. అద్దెలో మిగిలేది నెలకు 12,500. కనుక నెలనెలా 22 వేలు మీ జీతంలోంచి కలపాలి. పన్ను ఆదా అవుతుందన్న భరోసాతో ఉన్నారేమో, అదీ పరీక్షించవలసిన నమ్మకమే. మొదటి ఏడాది వడ్డీ సుమారు 3.37 లక్షలు. అద్దెలోంచి ఇంటిపన్ను, పన్ను చట్టం ఇచ్చే ముప్ఫై శాతం తగ్గింపు పోగా మిగిలేది ఒకటిన్నర లక్షల లోపే గనుక రెండు లక్షలకు పైగా నష్టం చూపించవచ్చు. పాత పన్ను విధానంలో అందులో రెండు లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో అద్దె ఇంటి నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడానికి వీలు లేదు, అద్దె మీద పన్ను పడకుండా పోతుంది, అంతే. మీరు ఏ విధానంలో ఉన్నారో ఒకసారి చూసుకోండి.

ఇక అసలు విషయం. పైన చెప్పినవన్నీ చూస్తే ఈ ఫ్లాటు అద్దె కోసం కొనదగినది కాదని తేలిపోతోంది. మొత్తం లెక్క నాలుగో నమ్మకం మీదే, అంటే ధర రెట్టింపవుతుందన్న మాట మీదే నిలబడి ఉంది. దాన్ని కూడా అంకెల్లో పెట్టి చూడండి. ఇవే 30 లక్షలనూ, నెలనెలా కలపవలసిన సొమ్మునూ ఏడు శాతం డిపాజిట్‌లో వేసుకుంటే పదేళ్లకు ఎంతవుతుందో కట్టి, అద్దె ఏటా ఐదు శాతం పెరిగినట్టుగా వేసుకుని, అప్పటికి మిగిలే 28 లక్షల బ్యాంకు బాకీ కూడా కలిపితే, ఆ డిపాజిట్‌తో సమానంగా నిలవడానికే పదేళ్ల తరువాత ఫ్లాటు దాదాపు 1 కోటి 19 లక్షలకు అమ్ముడుపోవాలి. పన్నులను రెండువైపులా పక్కన పెట్టాను. అంటే రెట్టింపయితే వచ్చేది లాభం కాదు, బ్యాంకులో ఊరికే పడి ఉంటే వచ్చేదే, కాస్త అటూ ఇటూగా.

రెట్టింపు కావలసినది ఏది? గోడలు కావు, అవి ఏటేటా పాతబడతాయి. పెరిగేది భూమి. అన్‌డివైడెడ్ షేరు (అపార్ట్‌మెంటు స్థలంలో మీ ఫ్లాటుకు వచ్చే వంతు) కింద మీకు 38 గజాలు వస్తుందని రాశారు. అక్కడ గజం 40 వేలనుకుంటే మీ 62 లక్షలలో భూమి విలువ 15 లక్షల చిల్లరే. గజం నిజంగా ఎంతుందో స్థలాలు అమ్మేవారినీ, ఈమధ్య అమ్మినవారినీ అడగండి. మిగిలిన 47 లక్షలు సిమెంటు, ఇనుము, లిఫ్టు, బిల్డరు లాభం. పదేళ్ల వయసున్న ఫ్లాట్లు అదే వీధిలో చదరపు అడుగు ఎంతకు పోతున్నాయో, పక్కనే ఉన్న కొత్తవాటి ధరతో పోల్చండి. విజయవాడ సత్యనారాయణపురంలో ముప్ఫై ఏళ్ల నాటి గ్రూప్ హౌస్‌లకు కూడా మంచి ధర పలుకుతోందని ఎవరైనా ఉదాహరణ చూపిస్తే, అక్కడ ఒక్కో ఫ్లాటుకు ఎన్ని గజాలు రాసి ఉందో తప్పక అడగండి.

అమరావతి మీద నేను ఆశ పెట్టుకోవద్దని చెప్పడం లేదు. ఆ ఆశకు నేను కట్టిన మూల్యం చెబుతాను. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. మరుసటి ఏడాది సచివాలయ ఉద్యోగులు హైదరాబాదు నుంచి రావడం మొదలయ్యాక తాడేపల్లిలో ఒక ఫ్లాటు కొన్నాను. వేలమంది ఉద్యోగులు వస్తున్నారు, వేల ఇళ్లు కావాలి అన్నది నా లెక్క. వచ్చినది ఉద్యోగులు, కుటుంబాలు కావు. వారానికి ఐదు రోజుల పని ఇచ్చారు, పిల్లల చదువులు హైదరాబాదులోనే ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం రైలెక్కి సోమవారం దిగేవారికి డబుల్ బెడ్‌రూమ్ ఎందుకు? నా ఫ్లాటులో ముగ్గురు ఉద్యోగులు కలిసి ఉన్నారు, వంటగదిలో గ్యాస్ స్టవ్ కూడా లేదు. అద్దె 14 వేలు వచ్చేది కాబట్టి నేనూ పట్టించుకోలేదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చిన కొద్ది నెలలకే వాళ్లు ఖాళీ చేశారు. నాలుగు నెలలు తాళం వేసి ఉంచి చివరికి 9,500కు ఇచ్చాను. 2024లో ప్రభుత్వం మారింది, 2025 మే 2న పనులను తిరిగి ప్రారంభించారు, ఇప్పుడు అద్దె కోలుకుంది. పదేళ్లలో ఒకే ఫ్లాటు మూడు రకాల ఊళ్లలో ఉన్నట్టయింది. స్టవ్ లేని ఆ వంటగదిని మొదటి నెలలోనే సరిగ్గా చూసి ఉంటే ఈ అద్దె ఎంత పలుచటి ఆధారం మీద ఉందో నాకు అప్పుడే తెలిసేది.

కాబట్టి మీ నాలుగో వాక్యాన్ని ఇలా మార్చి రాయండి: “అమరావతి పనులు ఐదేళ్లు మళ్లీ ఆగిపోయినా నేను నెలకు 22 వేలు కలుపుతూ, ఏడాదిలో మూడు నెలలు ఖాళీని భరిస్తూ, ఫ్లాటు అమ్మకుండా ఉండగలను.” దీన్ని పరీక్షించడానికి పోరంకి వెళ్లనవసరం లేదు. ఈ నెల నుంచే 22 వేలు విడిగా ఒక ఖాతాలో వేస్తూ ఆరు నెలలు ఉండి చూడండి. మధ్యలో రెండుసార్లు ఆ ఖాతాలోంచి తీయవలసి వచ్చిందా, జవాబు దొరికినట్టే. ఆరు నెలల్లో ఫ్లాటు చేజారిపోతుందని బ్రోకరు అంటారు. రాత్రిపూట లైట్లు లేని కిటికీలను మీరు లెక్కపెట్టి ఉంటారు కనుక ఆ మాట ఎంత నిజమో మీకే తెలుస్తుంది.

వరద గురించి ఒక ముక్క. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు మునిగిన ఇళ్ల కాంపౌండు గోడల మీద నీటి గీత ఆ తరువాత చాలాకాలం కనిపించింది. అద్దెకు వచ్చినవాళ్లు ఇల్లు చూడకముందే ఆ గీతను చూసేవారు. మీ ఫ్లాటు అటువైపు కాదు, అయినా సెల్లార్‌లో మోటారు, మీటర్ల బోర్డు ఎంత ఎత్తున ఉన్నాయో చూడండి. గట్టి వాన పడ్డ మరుసటి ఉదయం ఒకసారి వెళితే ఇంకా మంచిది. నీళ్లు మునిసిపాలిటీవా, బోరువా, ఎండాకాలంలో ట్యాంకర్లు వస్తాయా అన్నది వాచ్‌మన్‌ను కాదు, అక్కడ రెండు వేసవులు గడిపిన ఇల్లాలిని అడగండి.

నాన్నగారి మాటకు వద్దాం. గుంటూరులో రెండు పోర్షన్ల ఇంటికి ఒక మేలుంది: ఒక పోర్షన్ ఖాళీ అయినా రెండో దాని అద్దె వస్తుంది, స్థలం మొత్తం మీ పేరునే ఉంటుంది, అమ్మానాన్నలు దగ్గరలో ఉంటారు గనుక మోటారు పాడైనా ఎవరో ఒకరు చూస్తారు. చివరిదాన్ని కూడా నమ్మకాల జాబితాలోనే రాయండి. డెబ్బై ఏళ్లకు నాన్నగారు అద్దె వసూళ్లకూ, ప్లంబర్ల వెంటా తిరుగుతారా, తిరగాలని ఆయనకుందా అని ఆయననే అడగండి. సొంత ఊరు కదా అని టు-లెట్ బోర్డుల లెక్కా, బేరమాడించడమూ మానేయవద్దు. మనకు బాగా తెలుసనుకున్న వీధిలోనే మన అంకెలు పాతబడిపోయి ఉంటాయి. నేను విద్యానగర్ అద్దెలను అడగకుండా చెబితే ఇప్పటికీ మూడేళ్ల వెనకటి అంకె చెబుతాను.

బిల్డరు లక్ష రూపాయలు అడ్వాన్సు ఇమ్మన్నారని చివర్లో రాశారు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, ప్లాను అప్రూవల్, ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్టులు చూపే పత్రం) తెప్పించుకుని చూసేదాకా ఇవ్వకండి. ఇవ్వక తప్పదనుకుంటే, బ్యాంకు లాయరు దస్తావేజులు చూసి ఇచ్చే లీగల్ ఒపీనియన్ సరిగా రాకపోతే పదిహేను రోజుల్లో పూర్తిగా తిరిగి ఇస్తామని రాయించుకున్నాకే ఇవ్వండి. రిజిస్టరు చేసిన అమ్మకపు అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు కనుక 6.20 లక్షలు దాటి ఎవరెంత తొందరపెట్టినా కదలకండి. టు-లెట్ బోర్డుల రెండో లెక్క, కుదిరే అద్దె, కదలని మీటర్లు, పదేళ్ల నాటి ఫ్లాట్ల ధర, ఈ నాలుగు అంకెలూ వచ్చాక ఇక్కడే రాయండి. అప్పుడు గుంటూరు ఇంటిని కూడా పక్కన పెట్టి ఇదే లెక్క మళ్లీ వేద్దాం.